సాక్షి వేరు, తీర్పరి వేరు

శిష్యుని ఎదుట నిలిపి ప్రశ్నించి చేర్చుకొనుట మన దేశములో కొత్త సంగతి కాదు. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు గౌతముని ఆశ్రమమునకు పోయినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న గోత్రమేదని. తనకు తెలియదనియు, తల్లికిని తెలియదనియు ఆ బాలుడు దాపరికము లేక చెప్పెను. నిజము పలికిన ఆ ఒక్క గుణమును చూచి గౌతముడు అతనిని శిష్యునిగా స్వీకరించెను. భారతములో ఏకలవ్యుడు ద్రోణుని ఎదుట నిలిచినప్పుడును జన్మమే ప్రశ్నగా వచ్చినది. అక్కడ తలుపు మూతపడెను. ప్రశ్న ఒకటే, గురువులు ఇద్దరు, ఫలితములు రెండు. ముఖాముఖి పరీక్షలోని మేలును కీడును తెలిసికొనుటకు ఈ రెండు కథలకంటె మంచి పాఠము లేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో ఇంటర్మీడియేటు చదువు పిల్లల తలిదండ్రులకు ముఖాముఖి సంగతి అంతగా తెలియదు. వారికి తెలిసినది ర్యాంకు. ఎంసెట్ పరీక్ష 1986లో వచ్చినది మొదలు, పేరు మారి ఈఏపీసెట్ అయిన తరువాత కూడ, ఇంజనీరింగు సీటునకు త్రోవ ఒక్కటే: ఇన్ని ప్రశ్నలు, ఇంత కాలము, చివరకు ఒక అంకె. వైద్యమునకు నీట్ అయినను, ఐ.ఐ.టి.లకు జేఈఈ అయినను మార్గమదే. కాని ఇటీవల కొన్ని ఇండ్లలో మరియొక మాట వినవచ్చుచున్నది. అమెరికాలో డిగ్రీ చదువుటకు దరఖాస్తు పెట్టిన పిల్లకు ఒక ఉత్తరము వచ్చును. మా కళాశాలలో పూర్వము చదివినవారొకరు మీతో వీడియోలో మాట్లాడుదురు, సిద్ధముగా ఉండుడు, అని దాని సారాంశము. అంతదూరము పోనక్కరలేదు. హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఇంటర్వ్యూలలో పూర్వవిద్యార్థులు కూర్చుందురు. పూర్వవిద్యార్థుల సంగతి అటుంచినను, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయము, శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయము ప్రవేశములలో ముఖాముఖికి చోటిచ్చినవి. ర్యాంకు రాజ్యములో పెరిగిన పిల్లలు ఈ కొత్త వాకిలి ముందు బెదరుచున్నారు. వారికేమి చెప్పవలెనో ఉపాధ్యాయులకును తోచుటలేదు.

ముందుగా పూర్వవిద్యార్థి ఇంటర్వ్యూ నడచు తీరును తెలిసికొనవలెను. దీనిని గురించి బజారులో తిరుగు కథలు వేరు, అసలు సంగతి వేరు. హార్వర్డు వంటి కళాశాలకు ఏటా యాభైవేల ప్రాంతమున దరఖాస్తులు వచ్చును. చేర్చుకొనునది రెండువేలకు అటు ఇటు. అంతమందితో ఆఫీసువారు మాట్లాడలేరు. అందుచేత దేశదేశములలో చెదరియున్న పూర్వవిద్యార్థులను పిలిచి, మీ దగ్గరి పిల్లలతో మాట్లాడి మీకు తోచినది వ్రాసి పంపుడని కోరుదురు. వారికి జీతము లేదు. ఇట్టి కళాశాలలలో సాధారణముగా అభ్యర్థి మార్కులను గాని, దరఖాస్తులోని వ్యాసములను గాని వారికి చూపరు. అరగంటయో ముప్పాతిక గంటయో మాట్లాడి, ఒక నివేదిక వ్రాసి పంపుటతో వారి పని ముగియును. చేర్చుకొనుటలో వారికి ఓటు లేదు. ఆ ప్రాంతమున మాట్లాడువారు దొరకక ఇంటర్వ్యూ జరుగకపోయినను అభ్యర్థికి నష్టము లేదని కళాశాలలే చెప్పుచున్నవి. బ్రౌన్ విశ్వవిద్యాలయమైతే ఈ పద్ధతినే విడిచిపెట్టి, అభ్యర్థి తన్ను గురించి తానే తీసి పంపు చిన్న వీడియోను దాని స్థానమున పెట్టినది. కనుక ఇది సింహద్వారము కాదు, ప్రక్క కిటికీ మాత్రమే. కిటికీని సింహద్వారమని చెప్పి వేలకు వేలు రుసుము తీసికొను సలహాదారులు పట్టణములలో బయలుదేరినారు గనుక ఈ మాట స్పష్టముగా చెప్పవలసివచ్చినది.

ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల ఇంటర్వ్యూను దీనితో కలుపరాదు. నిడుబ్రోలునుండి పోయి ఆక్స్‌ఫర్డులో చదివిన ఆచార్య ఎన్.జి. రంగా పేరు తెనాలి–బాపట్ల రైలుమార్గము మీద తెలియనివారుండరు. అక్కడ నేడు ప్రశ్నించువారు రేపు ఆ పిల్లకు పాఠము చెప్పబోవు అధ్యాపకులే. ప్రశ్నలు చదువబోవు శాస్త్రము మీదనే ఉండును. పాఠము చెప్పువాడు శిష్యుని ఎన్నుకొనుట ఒక సంప్రదాయము. పాఠముతో సంబంధము లేని పాతవాడు వచ్చి కొత్తవానిని తూచుట మరియొకటి. ఇక్కడ చర్చ రెండవ దానిని గురించియే.

ఈ రెండవ పద్ధతి పుట్టుక అంత పవిత్రమైనది కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి దినములలో హార్వర్డు ప్రవేశమునకు పరీక్షలో ఉత్తీర్ణత దాదాపు చాలియుండెను. 1922 నాటికి కొత్తగా చేరువారిలో యూదులు ఐదవ వంతు దాటిరి. తూర్పు ఐరోపానుండి వలసవచ్చిన బీదవారి పిల్లలు రాత్రింబవళ్లు చదివి పరీక్షలలో నెగ్గుచుండిరి. నాటి అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కు అది కంటగింపైనది. ఇంతమందికి మించి యూదులు రాకూడదని హద్దు పెట్టదలచెను. బాహాటముగా హద్దు పెట్టుటకు అధ్యాపకులు సమ్మతింపలేదు. అప్పుడు దొడ్డిత్రోవ దొరికినది. 1926లో వచ్చిన నియమములలో మార్కులతోపాటు శీలము, వ్యక్తిత్వము అను మాటలు చేరినవి. దరఖాస్తుతో ఛాయాచిత్రము పంపవలసివచ్చినది. ఇంటర్వ్యూకు విలువ పెరిగినది. యూదుల సంఖ్య తగ్గినది. హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ విద్యాలయముల ఈ చరిత్రనంతయు జెరోమ్ కారబెల్ 2005లో ప్రకటించిన ‘ది చోజెన్’ గ్రంథములో సాక్ష్యములతో వివరించినాడు. మార్కులతో తప్పింపలేని వానిని మాటలతో తప్పించుటకు పుట్టిన సాధనమిది. పుట్టుకను బట్టి నేటి దానిని నిందించుట న్యాయము కాదు. కాని శీలము, వ్యక్తిత్వము అను మాటలు ఎవరైనను వాడినప్పుడు వాని వెనుక ఎవరిని వెలుపల నిలుపుచున్నారో ఒకసారి తొంగిచూచుట తప్పు కాదు.

మనకును ఈ అనుభవము లేకపోలేదు. ఎంసెట్‌కు పూర్వము దక్షిణదేశములోని వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో ఇంటర్వ్యూ మార్కులు ఉండెడివి. మైసూరు రాష్ట్రములో వీనిని ప్రశ్నించి వేసిన చిత్రలేఖ కేసులో 1964లో సుప్రీంకోర్టు ఇంటర్వ్యూను ఆమోదించెను. ఆ తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరపు వాస్తవ్యులు కోకా సుబ్బారావుగారు. విద్యార్థి శక్తిని కొలుచు విధానములలో పండితులకే ఏకాభిప్రాయము లేనప్పుడు ఒక విధానమును ఎంచుకొను స్వేచ్ఛ ప్రభుత్వమునకుండవలెననియు, దానిని దుర్వినియోగము చేసినచో అప్పుడు న్యాయస్థానము చూచుననియు ఆ తీర్పు తాత్పర్యము. దుర్వినియోగము చూచుటకు ఎంతోకాలము పట్టలేదు. తమిళనాడు వైద్య కళాశాలల ప్రవేశములను గురించిన పెరియకరుప్పన్ కేసు 1970లో తీర్పునకు వచ్చినప్పుడు, మొత్తము 275 మార్కులలో 75 ఇంటర్వ్యూకు పెట్టినట్లును, ఒక్కొక్క అభ్యర్థితో సగటున మూడు నిమిషములకు మించి మాట్లాడనట్లును బయటపడెను.

అసలు దెబ్బ 1980 నవంబరులో తగిలినది. మన వరంగల్లు రీజనల్ ఇంజనీరింగు కళాశాలకు తోబుట్టువు వంటిది శ్రీనగరు కళాశాల. అక్కడ వ్రాతపరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50. వ్రాతలో మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లలు మాటలో ఓడి సీటు పోగొట్టుకొని న్యాయస్థానమునకు ఎక్కిరి. తమను రెండు మూడు నిమిషములు కూర్చుండబెట్టి, తండ్రి ఎవరు, నివాసమెక్కడ అని మాత్రమే అడిగిరనియు, చదువబోవు శాస్త్రమును గురించి ఒక్క ప్రశ్నయు లేదనియు వారు చెప్పుకొనిరి. మూడు నిమిషములలో మూడవ వంతు భవిష్యత్తును తేల్చుట నిరంకుశమని అజయ్ హాసియా కేసులో జస్టిస్ భగవతి తీర్పు చెప్పెను. ఇంటర్వ్యూ బొత్తిగా పనికిరానిదని ఆయన అనలేదు. దానికి నూటికి 15 మార్కులకు మించి ఉండరాదని, ప్రశ్నోత్తరములను టేపు మీదికి ఎక్కించుట వాంఛనీయమని మాత్రము చెప్పెను. గౌతముడు అడిగిన గోత్రప్రశ్నయే శ్రీనగరులోను అడిగిరి. వినుటకు గౌతముడు లేకపోయెను.

ఈ నేపథ్యము చూచినవారికి తెలుగుదేశము ర్యాంకును ఎందుకు కౌగిలించుకొనెనో తెలియును. 1983లో రాష్ట్ర శాసనసభ క్యాపిటేషను ఫీజును నిషేధించి, ప్రవేశములను క్రమపరచు చట్టము చేసినది. దాని వెంట వచ్చిన ప్రవేశపరీక్షలో హాల్‌టిక్కెట్టు మీది సంఖ్యకు ఊరు లేదు, తండ్రి లేడు, యాస లేదు. రేపల్లె దాపున పల్లెలో చేపల వల అల్లు వాని కొడుకును, తెనాలి మెయిన్‌రోడ్డు డాక్టరుగారి కొడుకును ఒకే కాగితము మీద ఒకే విధముగా సున్నలు నింపిరి. ఇది చిన్న విషయము కాదు. నేడు ర్యాంకును తిట్టువారిలో పెక్కుమంది ఆ ర్యాంకు లేకున్నచో తాము ఎక్కడ ఉండెడివారో ఆలోచింపరు.

అయినను ర్యాంకు సర్వజ్ఞము కాదు. రెండేండ్లు గదిలో మూసి పెట్టి రుద్దించు శక్తి ఎవరికున్నదో వారికి అది మొగ్గుచున్నదని ప్రతి ఉపాధ్యాయునికి తెలియును. ఇచ్చిన నాలుగు జవాబులలో ఒకటి ఎన్నుకొనుటయే చదువని నమ్మి పిల్లలు పెరుగుచున్నారు. దీనికి బాపట్ల వ్యవసాయ కళాశాలకంటె మంచి ఉదాహరణము లేదు. 1945లో వెలసిన ఆ కళాశాల నేడు రంగాగారి పేరుతోనే ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయములోనిది. సేద్యము నేర్పు కళాశాలకు సేద్యపు బిడ్డ కావలెను గదా! అందుకై కొన్ని సీట్లను రైతు కుటుంబముల పిల్లలకు ప్రత్యేకించు ఏర్పాటు కలదు. రైతు బిడ్డయని తేల్చునది రెండు కాగితములు: భూమి ఉన్నదని ఒకటి, పల్లెబడిలో చదివినట్లు మరియొకటి. ఉద్దేశము మంచిదే. కాని పాసుపుస్తకములో ఎకరముండి, బురదలో కాలు పెట్టని పిల్లవాడు ఉండవచ్చును; సెంటు భూమి లేక కౌలుసేద్యము చేయు తండ్రి వెంట ఏటేట నాట్లు వేసి, కాగితము లేక వెలుపల నిలిచిన పిల్లయు ఉండవచ్చును.

ఇక్కడ ఇరువది నిమిషముల సంభాషణ ఏమి చేయగలదో ఊహింపవచ్చును. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది దినములు ముందు, చేను నిలిచియుండగనే మినుము ఎందుకు చల్లుదురు? తడి ఆరిన తరువాత చల్లినచో ఏమగును? మినుములో బంగారుతీగ పడిన ఏడు ఇంటిలో ఏమి మాట్లాడుకొనిరి? దున్నకయే మొక్కజొన్న వేయుట ఎవరిని చూచి నేర్చిరి? ఈ ప్రశ్నలకు పుస్తకపు జవాబు వేరు, చేనిగట్టు జవాబు వేరు. పదేండ్లు వ్యవసాయాధికారిగా పల్లెలు తిరిగిన పూర్వవిద్యార్థి రెండు నిమిషములలో ఆ తేడా పసిగట్టును. దుగ్గిరాల పసుపు యార్డులో కొమ్ము విరిచి చూచు వ్యాపారివలె, ఆయన మాటను విరిచి చూడగలడు. ఏ ఓఎంఆర్ పత్రమును ఈ పని చేయజాలదు. పూర్వవిద్యార్థి ఇంటర్వ్యూ పక్షమున చెప్పదగిన వాదములన్నింటిలో బలమైనది ఇదియే.

అట్లయిన రేపటినుండియే బాపట్లలో ఈ పద్ధతి పెట్టవచ్చును గదా అని అడుగువారుందురు. ఆ మాట అనుటకు ముందు ప్రశ్నించు కుర్చీలో ఎవరు కూర్చుందురో ఆలోచింపవలెను. ఈ మూడు పట్టణములలో పలుకరింపే “ఏ ఊరు? ఎవరి అబ్బాయివి?” అన్న మాటతో మొదలగును. టీ దుకాణము దగ్గర అది ఆప్యాయత. సీటునిచ్చు గదిలో అదే విషము. ఊరి పేరుతో కులము, ఇంటిపేరుతో బంధుత్వము, తండ్రి వృత్తితో ఆస్తి తెలిసిపోవు చోట మూడవ ప్రశ్న అడుగనక్కరలేదు. పక్షపాతము ఉండవలెనని కూడ లేదు. తనవలె మాట్లాడువాడు, తాను చదివిన పుస్తకములు చదివినవాడు, తన హాస్యమునకు నవ్వినవాడు ప్రతి మనుష్యునికిని తెలివైనవాడుగనే కనిపించును. పూర్వవిద్యార్థి తన కళాశాలను ప్రేమించును. ఆ ప్రేమలో తన ప్రతిబింబమును వెదకుకొనును.

దీనికి తోడు పెంపకపు తేడా ఒకటి కలదు. దీనిని ఉపాధ్యాయులు తప్ప ఇతరులు గమనింపరు. రేపల్లె వైపు పల్లెలో పుట్టి, ఇంటిలో మొదటిసారిగా పదవ తరగతి దాటిన పిల్లకు చిన్ననాటినుండి నేర్పినదేమి? పెద్దల ఎదుట ఎక్కువ మాట్లాడరాదు. అడిగినదానికే జవాబు చెప్పవలెను. తన్ను తాను పొగడుకొనరాదు. కన్నులలోనికి చూచుచు మాట్లాడుట పొగరు. ఈ సభ్యతనంతయు జాగ్రత్తగా నేర్చుకొని ఆ పిల్ల ఇంటర్వ్యూకు పోయినచో, ఎదుటనున్న పెద్దమనిషి తన పుస్తకములో ‘ఆత్మవిశ్వాసము చాలదు’ అని వ్రాసికొనును. హైదరాబాదులో సలహాదారుని వద్ద పదిసార్లు అభ్యాసము చేసి, నవ్వవలసిన చోట నవ్వు పిల్లవానికి ‘సహజముగా మాట్లాడినాడు’ అని వ్రాయును. సహజత్వమునకు కూడ ట్యూషను దొరకు కాలమిది. సంభాషణ ఇంగ్లీషులో అయినచో ఆ పిల్ల సగము ఓడియే కుర్చీలో కూర్చుండును; తెలిసిన సంగతిని రాని భాషలో చెప్పవలసిన దురవస్థ అది.

ఆ మాటకు వచ్చిన, ఇంజనీరింగు కళాశాలల మేనేజిమెంటు సీటులోను ఒక విధమైన ఇంటర్వ్యూ లేకపోలేదు. కాని అందులో అభ్యర్థి మాట్లాడడు, తండ్రి మాట్లాడును. జవాబు కూడ ఒక అంకెయే.

ఇన్ని దోషములు చెప్పిన తరువాత పూర్వవిద్యార్థిని గెంటివేయుట తేలిక. కాని ఇటీవలి ఒక వ్యాజ్యములో బయటపడిన సంగతి తొందరపడి తీర్పు చెప్పనీయదు. ఆసియా సంతతి విద్యార్థులకు అన్యాయము జరుగుచున్నదని 2014లో ఒక సంస్థ హార్వర్డు మీద కేసు వేసెను. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో దీనిని ఎంత ఆసక్తితో గమనించిరో చెప్పనక్కరలేదు. 2018లో విచారణ జరిగినప్పుడు దరఖాస్తుల లెక్కలు కోర్టు ముందుకు వచ్చినవి. హార్వర్డు ఆఫీసువారు ప్రతి అభ్యర్థికిని వ్యక్తిత్వమునకు ఒక అంకె వేయుదురు. ఆసియా సంతతివారికి ఆ అంకె సగటున తెల్లవారికంటె తక్కువగా ఉండెను. అదే అభ్యర్థులను ముఖాముఖి చూచిన పూర్వవిద్యార్థులు వేసిన అంకెలలో తేడా దాదాపు లేదని వాది పక్షపు ఆర్థికశాస్త్రజ్ఞుడు చూపెను. ఎదుట కూర్చుండి మాట్లాడినవారికి కనబడని లోపము, కాగితములు మాత్రము చదివినవారికి ఎక్కువగా కనబడినది! ఉద్దేశపూర్వకమైన వివక్ష ఋజువు కాలేదని 2019లో విచారణ న్యాయమూర్తి తీర్పు చెప్పిరి. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసి, ప్రవేశములలో జాతిని లెక్కకు తెచ్చు ఆ పద్ధతినే కొట్టివేసెను. ఆ పెద్ద వివాదమంతయు ఇక్కడ అప్రస్తుతము. కావలసినది ఆ చిన్న తేడాయే.

ఆ తేడాకు అర్థమేమి? పూర్వవిద్యార్థులు మహాత్ములని కాదు. వారి చేతిలో సీటు లేదు. ఇచ్చుటకు ఏమియు లేనివాడు, తిరస్కరించు భారము లేనివాడు, ఎదుటి మనిషిని మనిషిగా చూచుటకు కొంత తీరిక కలిగియుండును. శ్రీనగరులో ప్రశ్నించినవారి చేతిలో మూడవ వంతు మార్కులుండెను. వారికి మూడు నిమిషములు మాత్రమే దొరికినవి. హార్వర్డు పూర్వవిద్యార్థి చేతిలో ఓటు లేదు. అతనికి ముప్పాతిక గంట దొరికినది. చూచు పనిని, ఇచ్చు పనిని ఒకే చేతిలో పెట్టినప్పుడు చూపు చెడినది. విడదీసినప్పుడు చూపు కొంత నిలిచినది. కాబట్టి పూర్వవిద్యార్థిని సాక్షిగా పిలువవచ్చును గాని తీర్పరిగా కూర్చుండబెట్టరాదు.

సాక్షిగా పిలిచినను సాక్షికి వర్తించు నియమములే వర్తింపవలెను. బంధువు సాక్ష్యము పనికిరాదు; కనుక తెనాలి పిల్లను తెనాలివారు కాక దూరపు జిల్లావారు చూడవలెను. సాక్ష్యము వాది భాషలో జరుగవలెను. పిల్ల తెలుగులో చెప్పినచో తెలుగులో వినవలెను. తండ్రి పేరు, ఇంటిపేరు, కులము, ఆస్తి అడుగరాదు. ప్రశ్నోత్తరములు నమోదు కావలెను. 1980లో టేపు మాట చెప్పినప్పుడు ఖర్చు అనిపించియుండును, నేడు ప్రతివాని జేబులోని ఫోను ఆ పని చేయును. అన్నిటికంటె ముఖ్యముగా సాక్షి వ్రాసిన మాట పిల్లకు చూపవలెను. చాటున పలికిన సాక్ష్యము మీద ఎవరికిని శిక్ష వేయరు గదా! ఇవన్నియు జరిగినను ఆ సాక్ష్యపు విలువ 15 మార్కులకు లోబడియే ఉండవలెను. లక్షలమంది వ్రాయు ఇంజనీరింగు, వైద్య ప్రవేశములకు ఈ పద్ధతిని తగిలించుట ఎట్టి పరిస్థితిలోను తగదు. అక్కడ జనసముద్రము ముందు మూడు నిమిషముల ఇంటర్వ్యూయే మిగులును. సీట్లు కొన్నియై, విద్యకు ప్రత్యేకమైన అభిరుచి అవసరమైన చోట, వ్యవసాయము, ఉపాధ్యాయ శిక్షణము వంటి వానిలో, మెల్లగా ప్రయత్నించి చూడవచ్చును.

అంతవరకు పూర్వవిద్యార్థులు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? వారి అసలు ఉపయోగము దరఖాస్తు పెట్టిన తరువాత కాదు, పెట్టుటకు ముందున్నది. తెనాలి కళాశాలలలోను బాపట్ల కళాశాలలలోను చదివి దేశదేశములకు పోయినవారు వేలకొలదిగా ఉన్నారు. వారు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు సన్మానములకు, శాలువలకు కొదువ లేదు. పాఠశాలలకు విరాళముగా బీరువాలు, ఫంకాలు ఇచ్చుచున్నారు, మంచిదే. కాని ఒక పూట పదవ తరగతిలోనో ఇంటర్మీడియేటులోనో కూర్చుండి, పది మంది పిల్లలతో ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడినచో, అది బీరువాకంటె ఎక్కువ కాలము నిలుచును. పరాయి పెద్దవాని ఎదుట తనకు తెలిసిన సంగతిని తన మాటలలో చెప్పుట ఆ పిల్లకు అదే మొదటిసారి కావచ్చును. నిజాంపట్నము రేవులో తెల్లవారుజామున చేపల వేలము ఎట్లు జరుగునో ఆమె చెప్పగలిగినచో, బోస్టనులోని ముసలి పూర్వవిద్యార్థి వినుటకు సిద్ధముగనే ఉండును. తనకు తెలిసినది చెప్పదగినదే అన్న నమ్మకము ఆ పిల్లకు ముందుగా ఎవరో ఇవ్వవలెను. ఈ సంభాషణలో సీటు లేదు, మార్కు లేదు. కనుక భయము లేదు, సిఫారసునకు చోటు లేదు.

ఇక మిగిలిన సాక్షి ఒకరున్నారు. వారిని గురించి ఎవరును మాట్లాడరు. హార్వర్డు వ్యాజ్యములో వ్యక్తిత్వపు అంకెలలోని తేడాకు ఒక కారణముగా న్యాయమూర్తి పేర్కొన్నది ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు, సలహాదారులు వ్రాయు ఉత్తరములను. చప్పని ఉత్తరము కూడ పిల్లకు కీడు చేయునన్నమాట. ముప్పాతిక గంట చూచిన పూర్వవిద్యార్థికంటె మూడేండ్లు చూచిన ఉపాధ్యాయుని సాక్ష్యము విలువైనదని ఎవరైనను ఒప్పుకొందురు. మరి మన పాఠశాలలలో ఆ సాక్ష్యము ఎట్లున్నది? బదిలీ పత్రములో ‘ప్రవర్తన’ అన్న గడి కలదు. అందులో తరతరములుగా ఒక్కటే మాట: ‘తృప్తికరము’. తరగతిలో ప్రశ్న వెంట ప్రశ్న వేసి ఉపాధ్యాయుని నిద్ర చెడగొట్టిన పిల్లయు తృప్తికరమే. మూడేండ్లు వెనుక బల్లమీద కునికిన పిల్లవాడును తృప్తికరమే. రబ్బరు ముద్రతో కొట్టిన సాక్ష్యమును ఏ న్యాయస్థానము నమ్మును? విదేశ కళాశాల ఉపాధ్యాయుని లేఖ అడిగినప్పుడు చాలచోట్ల పిల్లయే వ్రాసికొని తెచ్చును, అయ్యవారు సంతకము పెట్టుదురు. పని ఒత్తిడి నిజమే. ఒక్కొక్క తరగతిలో అరువదిమంది నిజమే. కాని అరువదిమందిలో ముగ్గురిని గురించియైనను, ఏ దినమున ఏ ప్రశ్న అడిగిరో, ఏ లెక్కను పుస్తకములో లేని త్రోవన చేసిరో, ఒక నోటుపుస్తకములో నాలుగు పంక్తులు వ్రాసియుంచుట అసాధ్యము కాదు.

ఆ కళాశాలలలో పెక్కింటికి దరఖాస్తుల గడువు జనవరి మొదటి దినములలో ముగియును. ఇంటర్వ్యూలు శీతకాలమంతయు సాగును. డెల్టాలో వరికోతలు, కుప్పనూర్పిళ్లు ఆ నెలలలోనే వచ్చును. ఇంటిలో అందరును పొలములో ఉందురు, పిల్ల మాటలు వినుటకు తీరిక ఎవరికిని ఉండదు. ఉపాధ్యాయుని నాలుగు పంక్తులైనను, పూర్వవిద్యార్థి పావుగంటయైనను దసరా సెలవులకు ముందే సిద్ధము కావలెను.